డోనల్ గారి పేరు లేని రికార్డు

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. పాస్టర్ గారి కూతుర్ని. చిన్నప్పుడు సమాధుల తోట గోడ మీద కూర్చుని జామకాయలు తిన్నదాన్ని. ఐదేళ్లుగా ఐర్లాండ్‌లో, లిమరిక్ ఊరి బయట ఒక నర్సింగ్ హోమ్‌లో కేరర్‌గా చేస్తున్నాను. పోయినవాళ్లకు ఒళ్లు తుడిచి బట్టలు మార్చడం నా పనిలో భాగం. ఇది ముందే చెప్పేస్తే, తర్వాత చెప్పేది మీరు ఎలా తీసుకున్నా నాకు ఇబ్బంది లేదు.

డోనల్ గారు మా దగ్గర ఉండే పెద్దాయన. అసలు పేరు అది కాదు. వయసులో ఉన్నప్పుడు సరుకు ఓడల్లో ఇంజినీరు. ఓడ ఏ రేవులో ఆగినా మిగతావాళ్లు బారు వెతుక్కుంటే ఈయన రికార్డుల కొట్టు వెతుక్కునేవారట. ఆయన గదిలో మంచం కంటే రికార్డులే ఎక్కువ చోటు తినేవి.

నాకు చర్చి పాటలు, సినిమా పాటలు తప్ప ఇంకేమీ తెలియవు. సోల్, ఫంక్ అనే మాటలు ఆయన దగ్గరే విన్నాను. మధ్యాహ్నం మూడింటికి టీతో పాటు రోజుకొక రికార్డు. నైజీరియా ఫంక్, ఇథియోపియా సాక్సోఫోన్, బ్రెజిల్‌లో ఒకావిడ బొంగురు గొంతు. "ముందు బేస్ విను, పాట దానంతట అదే వస్తుంది" అనేవారు. నేను హైదరాబాద్ కుర్రాళ్ల తెలుగు ర్యాప్ వినిపిస్తే, ఒక్క ముక్క అర్థం కాకపోయినా కుర్చీ చేతి మీద రెండు వేళ్లతో తాళం వేసి, మళ్లీ పెట్టమన్నారు.

ఆయనకొక అలవాటు ఉండేది. పాట నచ్చితే పాడినవాళ్లకు చేత్తో ఉత్తరం రాసి థాంక్స్ చెప్పాలి. ఒక్క ఉత్తరం మాత్రం డ్రాయర్‌లోనే ఉండిపోయింది. ఆఫ్రికా తూర్పు తీరంలో ఏదో రేవులో కొన్న చిన్న రికార్డు అది. దాని మీద కాగితం చిరిగిపోయి, పాడినావిడ పేరు పోయింది. పెళ్లైన కొత్తలో భార్యతో కలిసి వంటింట్లో ఆ పాటకే స్టెప్పులేశారట. భార్య పోయాక కూడా వారానికొకసారైనా వినేవారు. ఉత్తరం మొదట్లో 'డియర్' అని ఉంది, ఆ పక్కన ఖాళీ. "నేను పోయేలోగా ఈ ఖాళీ నింపాలి సునీతా" అన్నారు. నింపుతానని మాటిచ్చేశాను. నా నోరు ఊరుకోదుగా.

పాట వినిపిస్తే పేరు చెప్పే యాప్ నా ఫోన్‌లో ఉంది. దానికి ఆ రికార్డు పదకొండు సార్లు వినిపించాను. పదకొండు సార్లూ దొరకలేదనే చెప్పింది. చివరికి టౌన్‌లో పాత రికార్డులు అమ్మే ఒకాయనకు శనివారం చూపిద్దామని, శుక్రవారం పొద్దున దాన్ని తీసి నా లాకర్‌లో పెట్టుకున్నాను.

ఆ శుక్రవారమే డోనల్ గారు పోయారు. మూడున్నరకి, టీ సగం తాగి. పెద్ద నర్సు బ్రీడ్ వచ్చి చూసింది. డాక్టర్‌కి కబురు చేసింది. కిటికీ బార్లా తెరిచి, నన్ను గదిలో ఉంచి, ఆయన కూతురికి ఫోన్ చేయడానికి వెళ్లింది.

బయట వాన. జల్లు మంచం దాకా కొడుతోంది. మా వైపు శవం మీద చినుకు పడనిస్తారా? నాలుగింటికి కిటికీ మూసి గడియ పెట్టాను. దుప్పటి సర్ది, తలుపు వేసి, వేడినీళ్లు, తువ్వాళ్లు తేవడానికి వెళ్లాను.

నాలుగున్నరకి నేనూ బ్రీడ్ కలిసే లోపలికి వచ్చాం. మూసిన కిటికీ చూసి ఆవిడ పరుగున వెళ్లి తెరిచింది. ఇక్కడ మనిషి పోగానే ప్రాణం బయటికి వెళ్లడానికి కిటికీ తెరుస్తారట. ఇన్నేళ్లూ గదిలో గాలి మారడానికి అనుకున్నాను. అడిగితే కదా తెలిసేది. "ఆయన్ని లోపలే పెట్టి మూసేశావు" అంది. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

ఆ హడావుడిలో, మూడింటికి టీ వేళ పెట్టిన నా ఫోన్ ఆయన ప్రెస్‌లోనే ఉండిపోయింది. అలమరని ఇక్కడ ప్రెస్ అంటారు. పాటల వేళ యాప్‌ని దానంతట అదే వినేలా పెట్టి ఉంచడం నాకు అలవాటు. డ్యూటీ దిగేటప్పుడు ఫోన్ తీసుకుని, ఇంటికి వచ్చాక చూశాను. జాబితాలో కొత్త పాట ఒకటి ఉంది. నాలుగు గంటల పది నిమిషాలకు విన్నట్టు ఉంది. పాట నొక్కాను. బేస్ మొదలవగానే గుర్తుపట్టాను. ఆ రికార్డులో పాటే. పక్కన ఆవిడ పేరు.

వంటింట్లో నేల మీద కూలబడి ఏడ్చాను. భయంతో కాదు. ఈ పేరు ఒక్కరోజు ముందు దొరికి ఉంటే ఎంత సంతోషించేవారో అని.

తర్వాత కుదురుగా ఆలోచించాను. రికార్డు లాకర్‌లో ఉంది, తాళంచెవి నా జేబులో ఉంది. ప్లేయర్ మూత వేసే ఉంది. పక్క గది ఖాళీ. ఎదురు గది ఆవిడకు చెవుడు, టీవీకి సౌండే పెట్టదు. మనిషి పోతే కారిడార్‌లో రేడియో ఆపేయడం మా దగ్గర రివాజు, ఆ రోజూ ఆపేశారు.

"యాప్ అన్నాక ఏదో ఒక గ్లిచ్ ఉంటది. దానికింత కథెందుకే?" అన్నారు మా ఆయన. సరే, అదే అనుకుందాం. సోమవారం అసలు రికార్డు తెచ్చి నా ఫోన్‌కి మళ్లీ వినిపించాం, మా ఆయన ఫోన్‌కి కూడా. రెండూ దొరకలేదనే చెప్పాయి.

బ్రీడ్‌కి చూపించాను. కళ్లజోడు పెట్టుకుని ఆ టైము రెండుసార్లు చదివింది. "గ్రాండ్" అంది, ఇక్కడ 'సరే, బాగుంది' అనడానికి అదే మాట. "నువ్వు కిటికీ మూయబట్టే ఆ పేరు చెప్పి వెళ్లాడు" అని టీ కలపడానికి వెళ్లిపోయింది. ఆవిడకి అంతటితో సరిపోయింది. నాకు సరిపోలేదు.

డోనల్ గారి కూతుర్ని అడిగి ఆ ఉత్తరం తీసుకున్నాను. 'డియర్' పక్కన పేరు నేనే రాశాను. చిరునామా పట్టుకోవడానికి రెండు నెలలు పట్టింది. జవాబు పాడినావిడ మనవరాలు రాసింది. ముసలావిడ బతికే ఉందట. ఉత్తరం మూడుసార్లు చదివించుకుందట.

ఇదెలా జరిగిందో ఇప్పటికీ చెప్పలేను. దయ్యాలను ఇప్పటికీ నమ్మను. మా దగ్గర ఎవరైనా పోతే, వాన పడుతున్నా సరే, ఇప్పుడు నేనే వెళ్లి కిటికీ తెరుస్తాను. కాకపోతే గడియ మీద చెయ్యి వేసి ఒక్క నిమిషం ఆగుతాను, చెప్పాల్సింది ఏమైనా మిగిలిపోయిందేమోనని.