పది నిమిషాలకోసారి

కెనడాలోని విన్నిపెగ్‌లో నా మొదటి ఉద్యోగంలో మా టీమ్ లీడ్ గారు రోజుకు ఎన్నిసార్లు "అయిందా?" అని అడిగేవారో లెక్కపెట్టడం రెండో వారానికే మానేశాను. పది నిమిషాలకోసారి కాఫీ కప్పుతో వచ్చి నా వెనక నిలబడేవారు. ఆ ఒక్క ముక్క అడిగి వెళ్లేవారు.

డిసెంబరులో అక్కడ నాలుగున్నరకే పొద్దు గూకుతుంది. అప్పుడు కంప్యూటర్ దానంతటదే నల్లటి తెర ఉండే డార్క్ థీమ్‌లోకి మారేది. మేం తయారుచేసిన అప్లికేషన్ మాత్రం తెల్లగా మెరుస్తూనే ఉండేది. దాంతో పనిచేసే వాళ్లు, అంటే రోడ్ల మీద మంచు తీసే ట్రక్కులను పంపే ఆపరేటర్లు, కళ్లు పోతున్నాయని గోల పెట్టారు. మా అప్లికేషన్ కూడా దానితోపాటే నల్లబడేందుకు, థీమ్ మారిందా అని సిస్టమ్‌ను సెకనుకోసారి అడిగేలా కోడ్ రాసి ఆయనకు చూపించాను.

ఆయన మొహం చిట్లించారు. "అన్నిసార్లు అడిగి దాని ప్రాణం తీయడమెందుకయ్యా? మారితే సిస్టమే నోటిఫికేషన్ పంపుతుంది. అందాకా ఊరికే ఉండాలి."

నాకు ఒళ్లు మండింది. "సరేనండీ, మారుస్తాను. అవగానే నేనే చెప్తాను, మీరు అడగక్కర్లేదు," అన్నాను.

ఆయన తలూపి తన సీటుకు వెళ్లిపోయారు. అర్థమైందనే అనుకున్నాను. పాత కోడ్ చెరిపేసి కొత్తదానికి మొదటి లైను రాస్తుండగా, నా వెనక నుంచి కాఫీ వాసన వచ్చింది.