ఆడని ఆదివారం

మా ఊళ్ళో గాలి గోధుమ చేల మీదుగా వచ్చి కాలేజీ ప్రార్థనామందిరం గంటను తాకి పోతుంది. ఆ మందిరం వెనక గదిలో ఆర్డిత్ వోత్ ముప్పై ఎనిమిదేళ్లుగా ఆటగాళ్ల బట్టలు ఉతుకుతోంది. ఏ పిల్ల ఎలా పడిందో మోకాలి మరక చూసి చెప్పేస్తుంది.

ఒకప్పుడు తనూ అలా పడిన పిల్లే. మా క్రైస్తవ కాలేజీ సాఫ్ట్‌బాల్ జట్టులో బంతి విసిరేది తను, ఎదురుగా గొంతుక్కూర్చుని పట్టేది నేను. తన బంతి తగిలిన రోజు నా అరచెయ్యి రాత్రిదాకా వెచ్చగా ఉండేది.

1983లో చిన్న కాలేజీల ఫైనల్‌కి చేరాం. శనివారం వాన. ఆట ఆదివారానికి మారింది. ఆదివారం ప్రభువు దినమని మా కాలేజీ ఆ రోజు ఆడదు. అప్పటి కాలేజీ ప్రెసిడెంటు బస్సు మెట్ల మీద నిలబడి, "ఎక్కండమ్మా, ఇంటికెళ్దాం. ప్రభువు దీన్ని మరిచిపోడు," అన్నాడు.

"ఒక్క ఆట సార్," అంటూ ఆర్డిత్ ఆ బురదలోనే మోకరిల్లింది. ఆయన తన తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాడు. ఆడకుండానే కప్పు అవతలివాళ్ళకి వెళ్ళింది. మాకది ఆఖరి ఏడు. కాలేజీ దాటాక ఆడపిల్లలకి అప్పట్లో ఆటే లేదు.

ఈ ఏడు మా కాలేజీ పెద్ద లీగులో చేరింది. టీవీ వాళ్ళకి ఆదివారాలు కావాలి. ట్రస్టీలు ఒక్క మధ్యాహ్నంలో సరేనన్నారు. మొదటి ఆదివారం ఆటకి మా పాత జట్టును సన్మానిస్తామంటూ ఇప్పటి ప్రెసిడెంటు గేలెన్ స్ట్రౌడ్ ఆ ఉతుకుడు గదికే వచ్చాడు. నేనక్కడ తువ్వాళ్ళు మడతపెడుతున్నాను.

"మీ త్యాగం మీదే ఈ కాలేజీ నిలబడిందండీ, ఆర్డిత్ గారూ."

"త్యాగమా? ఇచ్చిందేముంది బాబూ, లాక్కున్నారు."

"అది విశ్వాసం కదండీ."

"మరి ఇప్పుడిది?"

"ఇదీ విశ్వాసమే. మన పిల్లలు ప్రార్థించడం టీవీలో లక్షల మంది చూస్తారు."

"ఓహో. అప్పుడు చూసింది దేవుడొక్కడే కదా, చాల్లేదు పాపం," అంది ఆర్డిత్. "మైకులో ఒక్క మాట చెప్పండి, ఆ రోజు ఆ పిల్లలకి అన్యాయం చేశామని. వస్తాను."

"పోయిన పెద్దాయన్ని తప్పుపట్టినట్టవుతుందండీ."

"అయితే ఇప్పుడు చేసేది తప్పని చెప్పండి. రెండిట్లో ఏదో ఒకటి తప్పవ్వాలి కదా."

ఆయన నవ్వి, గడియారం చూసుకుని వెళ్ళిపోయాడు.

"నువ్వూ వెళ్ళకే, లియోటా," అంది నాతో.

"నేనెందుకు వెళ్తానే," అన్నాను.

ఆదివారం పాస్టరు గారు ప్రసంగం పావుగంటలో ముగించారు. జనమంతా మైదానం వైపే నడిచారు. నా కాళ్ళూ నడిచాయి. మైకులో ఆర్డిత్ పేరు చదివి, ఒంట్లో బాగోలేక రాలేకపోయారన్నారు. తర్వాత నా పేరు. అంతమంది లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. నలభై ఏళ్ళుగా నేను ఆకలిగా ఉన్నానని అప్పుడే తెలిసింది నాకు.

సోమవారం వెళ్ళేసరికి ఆర్డిత్ ఆ ఆట బట్టల మట్టి రుద్దుతోంది.

"చెప్పారటా, అన్యాయం చేశామని?"

"నీకు ఒంట్లో బాగోలేదని చెప్పారట."

కుళాయి కట్టేసింది. "నీకెవరు చెప్పారే?"

"మా వీధిలో అనుకుంటున్నారు," అన్నాను.

గురువారం మా ఊరి పత్రిక వస్తుంది. అందులో ఆదివారం తీసిన ఫొటోలో నేను చెయ్యి ఊపుతూ ఉంటాను.