కిటికీకి కట్టిన చీర

కంటికి కట్టు ఉందని నా భార్యకు లాడ్జిలో గది ఇవ్వలేదు. డెబ్బయ్యో దశకం చివర్లో వరంగల్‌లో ఆమెకు కంటి ఆపరేషన్ అయింది. మర్నాడు మళ్లీ డాక్టరుకు చూపించాలి, అందాకా ఎండలో తిరగకూడదు. నేను బడికి పోకుండా దుకాణాల బోర్డులు చూసి చదువు నేర్చినవాణ్ణి. ‘గదులు కలవు’ అన్న బోర్డు చదివే లోపలికి వెళ్లాను.

“దవాఖానోళ్లు ఉంటే రూము ఖరాబైతది, పోండ్రి” అన్నాడు గుమస్తా. అబద్ధమాడిన ఆ బోర్డును నేటికీ క్షమించలేదు.

ఆ ఊళ్లోనే మట్టెవాడలో ఇంకో లాడ్జికి జంకుతూనే వెళ్లాం. యజమానురాలు నా భార్య చెయ్యి పట్టుకుని గదిలోకి నడిపించింది. తెల్లగా సున్నం వేసిన గోడలు, ఉతికిన దుప్పటి, కుండలో చల్లని నీళ్లు! కంటికి వెలుతురు తగలకుండా తన పచ్చచీరను కిటికీకి కట్టింది.

“మేముంటే రూము ఖరాబు కాదా అక్కా?” అన్నాను.

“కట్టు కట్టుకున్నోళ్లు ఏం ఖరాబు చేస్తరు తమ్మీ? కండ్లు మంచిగున్నోళ్లే గోడల మీద పాన్ ఉమ్మి పోతరు!”