పప్పు గిన్నెల మీద నా నిఘా

కరోనా రోజుల్లో లోకమంతా వైరస్‌ని చూసి భయపడితే, నేను మాత్రం స్వరూపని చూసి భయపడ్డాను. ఆ భయంలో నేను చేసిన ఘనకార్యానికి సూరత్ పక్కన ఈ హజీరాలో నా పరువు గంగలో కలిసింది. నవ్వేవాళ్ళు ఇప్పుడే మొదలుపెట్టండి, నేనేం అనుకోను.

మరమగ్గాలు ఆగిపోయి, సూరత్ శివారులో ఉన్ అనే పేటలో మన తెలంగాణ కార్మికులు తిండిలేక చిక్కుకుపోయారు. మా కంపెనీ కాలనీ ఆడవాళ్ళం నడుం బిగించి క్లబ్బు వంటగదిలోకి దిగాం. రోజూ అన్నం, పప్పు. ఆ సైన్యానికి సేనాధిపతిని నేనే. ఎవరూ ఎన్నుకోలేదనుకోండి, గరిటె ముందు నా చేతికి దొరికింది, అంతే.

వ్యాన్‌లో వెళ్ళి పంచే పని స్వరూపది. ఆమెది కరీంనగర్ వైపు. వ్యాన్ తిన్నగా ఉన్ వెళ్ళాలా? వెళ్ళదు! ముందు వాళ్ళ క్వార్టర్ దగ్గర ఆగేది. పప్పు గిన్నెలు లోపలికి వెళ్ళి, చాలాసేపటికి బయటికొచ్చేవి.

"ఎందుకమ్మా?" అన్నాను.

"మూతలు గట్టిగ కట్టాలె గద వదినా."

మూతలు కట్టడానికి తలుపు గడియ ఎందుకండీ? మీరే చెప్పండి.

"పప్పు దొంగిలించి ఆవిడ మేడ కడుతుందా?" అన్నారు మా ఆయన.

"మీకు లోకం తెలీదు," అన్నాను. సగం పప్పు తీసేసి నీళ్ళు కలుపుతోందని నా అనుమానం. సంగతి బయటపడితే వ్యాన్ పాస్ రద్దవుతుంది, అక్కడ అంతమంది పస్తుంటారు. నాకు ముద్ద దిగలేదు.

మర్నాడు వాళ్ళ పెరటి గోడ పక్కన నక్కాను. వెల్లుల్లి, ఎండుమిర్చి పోపు ఘాటు గుప్పుమంది. ఇంకేముంది, మన పప్పుతో మెస్ పెట్టేసింది! పరిగెత్తి అందర్నీ వెంటేసుకొచ్చాను. మాస్కులు పెట్టుకుని, మనిషికీ మనిషికీ దూరం పాటిస్తూ మరీ దాడి చేశాం.

"ఎవరికి అమ్ముతున్నావ్?" అని గర్జించాను.

"అమ్ముడేంది వదినా! జర పక్కకు రా, నీకొక్కదానికే చెప్త."

"దొంగలకి రహస్యాలా? అందరి ముందూ చెప్పు!"

స్వరూప కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అయితే ఇను. నువ్వు పప్పుల బెల్లం ఏస్తున్నవ్. మొదటిరోజు వాళ్ళు తినలేక పారవోసిన్రు. నీకు చెప్తే బాధపడ్తవని, రోజు ఇంత చింతపులుసు, కారం ఏసి మళ్ళ మరగవెడుతున్న."

సూరత్ వచ్చి గుజరాతీ పప్పు నేర్చానని ఎంత మురిసిపోయానో! నాకా పప్పు నేర్పిన గుజరాతీ పొరుగావిడ భారతీబెన్ ఒక్కతే నా పక్షం. "బెల్లం వేయకపోతే అది పప్పా?" అంది హిందీలో.

"ఇంకో మాట గూడ అన్నరు," నసిగింది స్వరూప. "'ఆ వంట మేడంకు రుచి తెలుస్తలేనట్టుంది, కరోనా గిట్ల వచ్చిందేమో, టెస్ట్ చేయించుకోమను' అని."

అంతే. అందరూ గోడకి అతుక్కుపోయారు. అందరికన్నా దూరం జరిగింది భారతీబెన్. నా గరిటె స్వరూప చేతికెళ్ళింది, నేను గదిలోకి వెళ్ళాను. తలుపు సందులోంచే స్వరూపకి క్షమాపణ చెప్పుకున్నాను. "పోనీ వదినా," అంది పిచ్చిది.

టెస్టు రిపోర్టు వచ్చింది. నెగటివ్! మా ఆయన దేవుడికి దణ్ణం పెట్టారు. నేను మంచం మీద పడి ఏడ్చాను. పాజిటివ్ వచ్చుంటే తప్పంతా వైరస్ నెత్తిన పోయేది కదండీ!

అందుకే మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో ఇక ఎవర్నీ అనుమానించను. ఆ ల్యాబ్ వాళ్ళని తప్ప.