ద్రాగోయ్ తాత కూర్చుంటేనే ఉయ్యాల

పిల్లలు ఎక్కేది ఏదైనా సరే, ముందు తను ఎక్కి చూస్తేగానీ ద్రాగోయ్‌కి మనసు కుదుటపడదు. ఉయ్యాల కానివ్వండి, జారుడుబల్ల కానివ్వండి, మంచు మీద లాగే బండి కానివ్వండి, పిల్లలు వరుసలో నిలబడేసరికి ఎక్కణ్ణుంచో ఊడిపడతాడు. "ఉండండి, ముందు నేను" అంటాడు. కూర్చుంటాడు, రెండుసార్లు లేచి కూలబడతాడు, చెవి ఒగ్గి కిర్రుమనే చప్పుడు వింటాడు. ఆ తర్వాత తీర్పు. "ఆగుతుంది. ఎక్కండి."

ముప్పై ఏళ్ళు కుర్చీల ఫ్యాక్టరీలో ఆయన చేసిన పని అదే. తయారైన కుర్చీలో కూర్చుని అది గట్టిదో కాదో చెప్పాలి. ఉద్యోగం అయిపోయింది గానీ కూర్చోవడం అయిపోలేదని వీధిలో అందరూ నవ్వుకునేవారు. పోయిన పండక్కి కాటా మీద ఆయన తూగింది నూట పద్దెనిమిది కిలోలు. దాన్నీ ఆయన గొప్పగానే చెప్పుకుంటాడు. "నా బరువుకి ఆగితే అయిదుగురు పిల్లల బరువుకి ఆగినట్టే."

ఆయన పరీక్షకి నిలిచినవి తక్కువ. రోసిత్సా తన కూతురు యానాకి కొన్న ప్లాస్టిక్ జారుడుబల్లలో ఇరుక్కుపోయి, దాన్ని నడుముకి తగిలించుకునే వీధి చివర వడ్రంగి దాకా నడిచి వెళ్ళాడు. మంచు బండి ఎక్కి చూస్తానని కొండ మలుపు మీంచి కింద వీధిలో ఉండే పెన్కా కోళ్ళగూడులోకి దిగాడు. కోళ్ళు వారం రోజులు గుడ్లు పెట్టలేదు. ఒకసారి పక్కింటి కుర్రాడు మోంచిల్ అడ్డుపడ్డాడు.

"తాతా, అది బొమ్మల ఉయ్యాల. మనుషులకి కాదు."

"బొమ్మ పడితే మాత్రం దెబ్బ తగలదా?"

"మీరు పట్టరు తాతా అందులో."

"పట్టనక్కర్లేదు. మోకాలు పెట్టి చూస్తా."

మోకాలు పెట్టాడు. ఉయ్యాల రెండు ముక్కలైంది. "చూశావా, నా మాట వినకపోతే ఆ బొమ్మ గతి ఏమయ్యేది" అని మోంచిల్‌కే చీవాట్లు పెట్టి వెళ్ళాడు.

ఇంత హుషారు మనిషి నిచ్చెన మాత్రం ఎక్కడు. ఆయన పెరట్లో చెర్రీ చెట్టు ఏటా విరగకాస్తుంది. చేతికి అందినన్ని కోసుకు తింటాడు, పైవన్నీ పిట్టల పాలు. బల్బు మాడిపోతే మార్చడానికి ఎవరో ఒకరు వెళ్ళాలి. బద్ధకమని రోసిత్సా అత్తగారు స్తోయ్‌కా తేల్చేసింది. "పిల్లల ఆటలకైతే పరిగెత్తుకొస్తాడు, ఇంట్లో పనికి మాత్రం ఒళ్ళు వంగదు."

పోయిన ఏడాది వరకూ ఇదంతా నవ్వులాటే. సెయింట్ జార్జి పండుగనాడు పచ్చని చెట్టుకి ఉయ్యాల కట్టి ఊగితే ఏడాదంతా ఒంటికి ఢోకా ఉండదని ఆ ఊళ్ళో అందరూ నమ్ముతారు. రోసిత్సా పెరట్లోని అక్రోటు చెట్టే ఆ వీధి పిల్లలందరికీ ఉయ్యాల చెట్టు. పోయినసారి తాడు రోసిత్సానే కట్టింది. ద్రాగోయ్ కూర్చుని, రెండు ఊపులు ఊగి, "ఆగుతుంది" అన్నాడు. యానా ఎక్కింది. మూడో ఊపులో ఎడమ పక్క ముడి జారింది. పిల్ల మోచెయ్యి విరిగి, ఆరు వారాలు కట్టుతో ఉంది.

"మీ బరువుకే ముడి వదులైంది" అని రోసిత్సా అందరి ముందూ ఆయన మీద విరుచుకుపడింది.

"అవునమ్మా, నాదే తప్పు" అన్నాడు ద్రాగోయ్. ముడి వేసింది ఎవరని ఎవరైనా అడగబోతే, "నేనే చెడగొట్టానని చెబుతున్నాగా" అని నోరు మూయించేవాడు. ఆ మాట రోసిత్సా చెవిన పడుతూనే ఉంది. పడ్డ కొద్దీ ఆయన మీద కోపం పెరిగేది. ఆ కోపం నిజానికి ఎవరి మీదో ఆమెకి తెలుసు, కానీ ఒప్పుకోవాలంటే నోరు రాలేదు.

ఈ ఏడాది పండక్కి రెండు రోజుల ముందే వెళ్ళి చెప్పేసింది. "బాబాయ్, ఈసారి మీరు మా పెరట్లోకి రావద్దు."

"సరేనమ్మా."

"కోపం తెచ్చుకోకండి."

"కోపమెందుకు? కంచె బయట నిలబడొచ్చా?"

దానికి మాత్రం కాదనలేకపోయింది.

పండుగనాడు కొత్త తాడు తెచ్చింది. నాలుగిళ్ళ వాళ్ళని పిలిచి ముళ్ళు వేయించింది, తర్వాత తనే లాగి లాగి చూసి అరచేతులు ఎర్రగా చేసుకుంది. ఒక్కొక్కరే పిల్లలు ఊగుతున్నారు. చెట్టు కొమ్మ కిర్రుమన్నప్పుడల్లా ఆమె తలెత్తి ముళ్ళ వైపు చూసేది. యానా మాత్రం పెరటి మూల ఉన్న కొట్టం గుమ్మం దాటి రాలేదు. ఏడాదిగా ఆ పిల్ల అంతే. మిగతావాళ్ళు పెరట్లో తాడాట ఆడుతుంటే, తొక్కుడుబిళ్ళ గీస్తుంటే, మోచెయ్యి రెండో చేత్తో పట్టుకుని దూరంగా కూర్చుంటుంది.

"గొర్రెపిల్లని పొయ్యిలోంచి తీసే వేళయింది" అంది స్తోయ్‌కా. "మాంసం కోసేలోగా ఊగాలి. లేకపోతే పిల్ల ఏడాదంతా ఇలాగే ముడుచుకుని ఉంటుంది."

"బలవంతం చెయ్యలేను అత్తయ్యా."

"చెయ్యమన్నానా? అడగమంటున్నా."

రోసిత్సా కొట్టం దగ్గరికి వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుంది. "అందరూ ఊగారుగా తల్లీ. మోంచిల్ రెండుసార్లు ఊగాడు. ఏమీ కాలేదు. నువ్వూ ఒక్కసారి రామ్మా."

యానా తల అడ్డంగా ఊపింది.

"ఎందుకని?"

"తాత కూర్చోలేదు."

రోసిత్సా లేచి నిలబడింది. తిరిగి చూస్తే కంచె బయట ద్రాగోయ్, చేతులు వెనక్కి కట్టుకుని, పండుగ చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుని నిలబడి ఉన్నాడు. పొద్దుటి నుంచీ అక్కడే ఉన్నాడు. ఆమె వెళ్ళి గడియ తీసింది. సిగ్గు ముంచుకొచ్చి ఆయన ముఖం చూడలేకపోయింది.

"బాబాయ్, ఒకసారి కూర్చోరూ."

"వద్దన్నావుగా."

"ఇప్పుడు రమ్మంటున్నా. మీకు దణ్ణం పెడతాను."

ద్రాగోయ్ ఉయ్యాల దగ్గరికి నడిచాడు. తాడు పట్టి గుంజాడు, చెక్క తట్టాడు, కూర్చున్నాడు. కొమ్మ పెద్దగా మూలిగింది. స్తోయ్‌కా శిలువ గీసుకుంది. ద్రాగోయ్ ఒక ఊపు ఊగాడు. ఆకులు రాలాయి గానీ ముడి జారలేదు. రెండో ఊపు మొదలుపెట్టేసరికి యానా కొట్టంలోంచి బయటికి వచ్చి, ఒక్కో అడుగే వేసుకుంటూ చెట్టు కిందికి చేరింది. కూతురిని పట్టుకోవడానికి రోసిత్సా వెనకే వెళ్ళింది. అందుకే ఆ తర్వాత ద్రాగోయ్ అన్న మాటలు తల్లీకూతుళ్ళిద్దరికే వినపడ్డాయి.

"తాతా, కళ్ళెందుకు మూసుకున్నారు?"

"ఎండ."

"చేతులు వణుకుతున్నాయి."

"మెల్లిగా మాట్లాడమ్మా. మోంచిల్ వింటాడు."

"మీకు భయమా?"

ద్రాగోయ్ కాళ్ళు నేలకి ఆనించి ఉయ్యాల ఆపాడు. ముఖం పాలిపోయి, మెడ మీద చెమట కారుతోంది. "భయమే. కాళ్ళు నేల మీంచి లేస్తే చాలు, తల తిరిగిపోతుంది. చిన్నప్పటి నుంచీ అంతే. ఫ్యాక్టరీలో కుర్చీలన్నీ నేల మీద ఉండేవి కాబట్టి బతికిపోయాను."

"మరి అన్నీ ఎందుకెక్కుతారు?"

"కింద నిలబడి మీరు ఎక్కడం చూడాలంటే ఇంతకంటే భయమేస్తుంది. అందుకని."

జారుడుబల్లా, కోళ్ళగూడూ, పిట్టలు తిన్న చెర్రీలూ అన్నీ ఒక్కసారిగా రోసిత్సా కళ్ళ ముందు తిరిగాయి. ఇన్నేళ్ళూ ఈ మనిషి ఆటకి ఎగబడుతున్నాడని నవ్వుకున్నామే అనుకుంది. పెరట్లో అందరికీ వినపడేలా చెప్పింది. "పోయినేడు ఆ ముడి వేసింది నేను. సరిగ్గా వెయ్యలేదు. బాబాయ్ తప్పేమీ లేదు."

"ఇప్పుడా గొడవెందుకమ్మా" అని ద్రాగోయ్ గొణిగాడు.

"సరేలే, తెలిసిందేగా" అంది స్తోయ్‌కా. వీధిలో అందరికీ తెలుసని రోసిత్సాకి అప్పుడే తెలిసింది.

యానా ఆయన మోకాలి మీద తట్టింది. "దిగండి తాతా. నన్ను చూడాలని ఉంటే కళ్ళు తెరవండి, భయమేస్తే మూసుకోండి." ఎక్కి కూర్చుంది. మొదటి ఊపు రోసిత్సా పక్కనే నడుస్తూ ఊపింది. రెండోది కాస్త వదిలి ఊపింది. మూడో ఊపు దగ్గర పట్టుకోవడానికి రెండు చేతులూ చాచింది. నాలుగో ఊపులో యానా కాళ్ళు చాపి కొమ్మ ఆకులు తన్నింది. ద్రాగోయ్ మాత్రం చెట్టు మానుకి ముఖం ఆనించి, "అయిపోయిందా? ఇంకా ఎన్ని?" అని అడుగుతూనే ఉన్నాడు. గొర్రెపిల్ల మాంసం ఆ రోజు కాస్త చల్లారాకే కోశారు.

జూన్‌లో చెర్రీలు పండాయి. యానా వాళ్ళమ్మని వెంటబెట్టుకుని, నిచ్చెన మోయించుకుని ద్రాగోయ్ పెరట్లోకి వచ్చింది. ఆయన పొట్ట మీద ప్యాంటు పైకి లాక్కుంటూ ఎదురొచ్చాడు.

"ఉండండి, ముందు..."

"మీరు పక్కకి జరగండి తాతా" అంది యానా. "ముందు నేను."

రోసిత్సా నిచ్చెన గట్టిగా పట్టుకుంది. పిల్ల మూడో మెట్టు దాకా ఎక్కి, రెండుసార్లు ఎగిరి, చెవి ఒగ్గి విన్నది. తర్వాత చకచకా దిగొచ్చి, చేతులు దులుపుకుని తీర్పు చెప్పింది.

"ఆగుతుంది. ఎక్కండి."

ద్రాగోయ్ నిచ్చెన వైపు చూశాడు. ఎర్రగా మిసమిసలాడుతున్న పై కొమ్మల వైపు చూశాడు. నెమ్మదిగా ఒక అడుగు వెనక్కి వేశాడు.

"నాకు చెర్రీలంటే అంత ఇష్టం లేదమ్మా" అన్నాడు.