పెదనాన్న మోటారుకు కట్టని గొలుసు

కృష్ణానది నడిమధ్యలో, తెడ్లు లేని పడవలో, నున్నటి గుండుతో, పెదనాన్న అస్థికల సాక్షిగా నేను వెలగబెట్టిన ఘనకార్యం గురించి చెబుతాను. ఆ రోజు ముగ్గురం మునిగిపోవాల్సింది. మునగలేదు. అందులో నా ప్రతిభ ఏమీ లేదని ముందే మనవి చేసుకుంటున్నాను. మొత్తం విన్నాక మీరెలాగూ ఆ మాటే అంటారు.

ఎనభైల నాటి సంగతి. మా ఊరు గురజాల వైపు, కృష్ణ ఒడ్డున. పెదనాన్న ఇల్లు ఇవతలి ఒడ్డున, ఆయన మిరపచేను అవతలి ఒడ్డున, నల్లగొండ వైపు. బతికినంత కాలం చిన్న పడవలో తెడ్డేసుకుంటూ రోజూ వెళ్ళొచ్చాడు. భుజాలు పూర్తిగా పోయాక, బెజవాడ వెళ్ళి పడవకు తగిలించే పెట్రోలు మోటారు ఒకటి సెకండ్ హ్యాండులో కొని, బస్సు టాపు మీద వేయించుకుని వచ్చాడు. మా ఊళ్ళో ఎవరి పడవకూ మోటారు లేదు. ఆ సాయంత్రం దాన్ని చూడ్డానికి వచ్చినంతమంది ఆయన పెళ్ళికి కూడా రాలేదని పెద్దమ్మ అనేది.

వరద తగ్గేదాకా మోటారును ఏట్లోకి దించనన్నాడు. ఈలోగా పెరట్లో డ్రమ్ము నిండా నీళ్ళు పోసి, దాని ఫ్యాను అందులో ముంచి, తాడు లాగి స్టార్టు చేసి నాకు నేర్పాడు.

"సాంబా, బాగా విను. పడవ వెనక చెక్కకి ఈ రెండు మరలూ గట్టిగా బిగించాల. ఆనక ఈ గొలుసు తీసుకుని మోటారుని పడవకి కట్టాల. తెడ్లు ఎప్పుడూ పడవలోనే ఉండాల. నిలబడి తాడు లాగబాకు."

"గొలుసెందుకు పెదనాన్నా? మోటారేమన్నా గేదెనా, తెంచుకుని పోవడానికి?"

పెదనాన్న నా వంక చానాసేపు చూశాడు. ఆ చూపుకు అర్థం నాకు కొద్దిరోజులకు నడి ఏట్లో తెలిసింది.

దసరాకు ఆయనే మోటారుకు కుంకుమ బొట్లు పెట్టాడు. వల అల్లే నైలాన్ దారంతో బంతిపూలు గుచ్చి, దాని మెడలో బారెడు దండ వేశాడు. వారం తిరక్కుండానే నిద్రలో పోయాడు. అంత ముచ్చటపడి కొన్న మోటారు మీద ఒక్కసారి కూడా ఏరు దాటలేదు.

వాళ్ళకు పిల్లల్లేరు. తలకొరివి నేనే పెట్టాను. అస్థికలు కలిపే రోజు పొద్దున్నే పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"ఆయన్ని ఒక్కసారన్నా ఆ మోటారు మీద తీసుకుపోరా. ఒడ్డున బురదలో కలపబాకు. నడి ఏట్లో, లోతులో కలుపు. నేను కూడా వస్తా."

"నాది పూచీ పెద్దమ్మా" అన్నాను. ఎంత గంభీరంగా అన్నానో! అంత గంభీరంగా అన్నవాడు రెండు మరలు కూడా గట్టిగా బిగించలేదు. రేవులో జనం చూస్తుంటే చెమటోడ్చి బిగించడం నామోషీ అనిపించి, వేళ్ళతో తిప్పి వదిలేశాను. గొలుసు ఇంటి దగ్గరే ఉంది. తెడ్లు తీసి ఒడ్డున పడేశాను. అవి పడవలో ఉంటే మోటారుకు అవమానమని ఆనాడు నా బుర్రకు తోచింది.

"దండ తియ్యవా? ఎండిపోయి వేలాడతా ఉంది" అంది పెద్దమ్మ.

"పెదనాన్న చేత్తో వేసిన దండ. ఎట్టా తీస్తాను?"

ఆమె కళ్ళు తుడుచుకుంది. నాకు నేనే చానా గొప్పవాడిలా కనబడ్డాను.

అస్థికల కుండతో పెద్దమ్మ ముందు కూర్చుంది. మధ్యలో అడ్డచెక్క మీద పంతులుగారు కూర్చున్నారు. ఆయనకు ఈత రాదు. మోటారు అంటే భయం, నేనంటే ఇంకా భయం. తాడు ఒక్క లాగుకే మోటారు అందుకుంది. పడవ నెమ్మదిగా కదిలింది. రేవులో బట్టలుతికేవాళ్ళు చేతులాపి మరీ చూశారు. అదిగో, అక్కడ చెడింది. వాళ్ళు చూస్తున్నారని వేగం పెంచే హ్యాండిల్ ఆఖరిదాకా తిప్పేశాను.

పడవ ముక్కు పైకి లేచింది. పంతులుగారు మంత్రం మొదలుపెట్టారు. అది అస్థికలకు సంబంధించింది కాదు. నడి ఏట్లోకి వచ్చేసరికి గాలికి దండ ఎగిరి వెనక నీళ్ళలో పడింది. ఫ్యాను దాన్ని చుట్టేసుకుంది. నైలాన్ దారం కదా, తెగదు. మోటారు మూలిగి ఆగిపోయింది.

"ఏందిరా, ఆపావు?"

"నేను ఆపలేదు పెద్దమ్మా. అదే ఆగింది."

లేచి నిలబడి తాడు లాగాను. పడవ ఊగింది.

"కూర్చో నాయనా! కూర్చుని లాగు!" పంతులుగారు రెండు చేతులా చెక్కను వాటేసుకున్నారు.

"మీకేం తెలుసండీ మోటారు సంగతి?" అని, హ్యాండిల్ అలా ఆఖరిదాకా తిప్పే ఉంచి, మళ్ళీ బలమంతా పెట్టి లాగాను. మోటారు అందుకుంది. దండ చిక్కుకున్న ఫ్యాను ఒక్క కుదుపు కుదిపింది. మరలు జారాయి. మోటారు వెనక చెక్క మీంచి లేచి, కుంకుమ బొట్లతో సహా కృష్ణలోకి దూకింది.

ఏరంతా నిశ్శబ్దమైపోయింది. నాలుగు బుడగలు వచ్చాయి. కొన్ని ఎండు బంతిపూలు పైకి తేలాయి. నా చేతిలో తెగిన తాడు కొస మిగిలింది, పిడితో సహా.

"ఒరేయ్ సాంబా, మోటారేదిరా?"

"పోయింది పెద్దమ్మా."

"యాడికి?"

"కిందికి."

"తెడ్లో?"

"రేవులో ఉన్నయ్."

పడవ దిగువకు కొట్టుకుపోతోంది. ఇంకొంత దిగువన బండరాళ్ళు ఉన్నాయి. అక్కడ నీళ్ళు సుడి తిరుగుతాయని మా ఊళ్ళో పసివాడికి కూడా తెలుసు. పంతులుగారు "అయ్యో, అయ్యో" అంటున్నారు. పెద్దమ్మ నన్ను తిడుతుందని కళ్ళు మూసుకున్నాను.

"ఇక్కడ లోతు ఉందా?" అంది.

"చానా ఉంది."

"అయితే వచ్చిన పని ముందు కానీయండి పంతులుగారూ. ఆనక వణుకుదురుగాని."

పంతులుగారు వణుకుతూనే మంత్రం చెప్పారు. నేను వణుకుతూనే కుండ నీళ్ళలో వదిలాను. పెద్దమ్మ వంగి, ఏట్లో చెయ్యి ముంచింది.

"మోటారు నీకంటే ముందే వచ్చిందయ్యా. ఇంక తెడ్డేయబాకు. ఎక్కి కూర్చో."

అని ఏడ్చింది. ఆయన పోయిన దగ్గర్నుంచి మనసారా ఏడవడం అప్పుడే. నేనూ ఏడ్చాను. పంతులుగారు కూడా ఏడ్చారు, కాకపోతే ఆయన కారణం వేరు.

కళ్ళు తుడుచుకుని పెద్దమ్మ ఇటు తిరిగింది. "పంతులుగారూ, లెగండి. మీ కింద చెక్క కావాల."

"చెక్క తీస్తే నేనెక్కడ కూర్చోవాలమ్మా?"

"కింద. నీళ్ళలో కూర్చునేకన్నా పడవలో కూర్చోవడం మేలు గదా."

ఊడదీసిన ఆ చెక్కతో నేను ఒక పక్క, పూజకు తెచ్చిన కంచు పళ్ళెంతో పెద్దమ్మ ఇంకో పక్క తోశాం. బండరాళ్ళు కనబడేంత దూరంలో ఎలాగో అవతలి ఒడ్డుకు తగిలాం. అక్కడ వల ఆరేసుకుంటున్న మనిషి మమ్మల్ని ఎగాదిగా చూశాడు.

"యాడికెళ్ళి వస్తున్నరు? తెడ్లు లేవా?"

"మోటారు పడవ అన్నా ఇది" అన్నాను, అలవాటు కొద్దీ.

అతను పడవ వెనక్కు వెళ్ళి చూశాడు. "మోటారేది?"

నాకంటే ముందు పెద్దమ్మ అందుకుంది. "మా ఆయన పట్టుకుపోయాడయ్యా. ఆయన సొత్తే."

అతని తెడ్లు అడుక్కుని ఇల్లు చేరాం. గొలుసు గుమ్మం పక్కన మేకుకు వేలాడుతూ ఉంది. పెద్దమ్మ దాన్ని తీసి, నా కళ్ళముందే గేదె మెడకు కట్టింది. "దీనికన్నా కడదాం" అంది. ఆ గేదె ఎన్నడూ తెంచుకుని పోలేదు.

అప్పటినుంచి కృష్ణమ్మ సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను. మరలు బిగించకుండా, గొలుసు కట్టకుండా, తెడ్లు పడవలో పెట్టకుండా జన్మలో మోటారు తాడు ముట్టను. ఈ ఒట్టు నేటి వరకు ఒక్కసారి కూడా తప్పలేదు. తాడు మాత్రం నా దగ్గరే ఉంది. మోటారు పెదనాన్న దగ్గర ఉంది.