గ్రాఫు కాగితం కింద ఫొటో

ఫొటోలు దిగడం దండగ అనేదాన్ని. నాకు పెళ్లినాటి ఫొటో ఒక్కటే ఉంది. అందులోనూ తల వంచుకోవడం వల్ల ముఖం కన్నా పాపిటే ఎక్కువ కనిపిస్తుంది. మా తోటికోడలు అట్లా కాదు. పండగకొకసారి స్టూడియోకు పోయి, మెడ పక్కకు తిప్పి, ఏడు రాళ్ల ముక్కుపుల్ల మెరిసేట్టు ఫొటో దిగేది. అప్పట్లో ధూల్‌పేటలో ఇద్దరం ఒకే ఇంట్లో ఉండేవాళ్లం.

మా ఆయన పనిచేసే ఫ్యాక్టరీలో ఎవరో ఇంజినీరు వద్దనుకున్న చిన్న కంప్యూటర్‌ను ఇంటికి తెచ్చారు. పలక కన్నా కాస్త లావుగా ఉండేది, టీవీకి తగిలించాలి. ఆయన అందులో రాసిందంతా టేప్‌రికార్డర్‌లో మామూలు పాటల క్యాసెట్టు మీదే ఎక్కేది. వింటే ఒకటే కీచు రొద. డ్యూటీ నుంచి రాగానే దాని ముందు కూర్చునేవారు, ఎన్నిసార్లు పిలిచినా లేవక అన్నం చల్లారేది. నాకు కడుపు మండేది కానీ మిషన్‌తో ఎవరు పోట్లాడతారు?

ఒకరోజు ఇల్లు ఊడుస్తుంటే ఆయన గ్రాఫు కాగితం కింద తోటికోడలి ఫొటో కనిపించింది. ఆమె కళ్లు, ముక్కు, పెదవుల చుట్టూ పెన్సిల్ చుక్కలు. సాయంత్రం ఆ చుక్కలే గీతలై, టీవీ నిండా ఆమె ముఖం నిలబడింది.

"ఎవరి బొమ్మయ్యా అది?" అన్నాను.

"ఇంకా కాలే. ముఖం మారుతది, ఆగు."

నేను ఆగలేదు. అవి బతుకమ్మ రోజులు. మర్నాడు ఆయన పండగ సామానుకు ఉస్మాన్‌గంజ్ పోగానే, వాడకట్టు ఆడవాళ్ల మధ్య టేప్‌రికార్డర్ పెట్టి, ఆ క్యాసెట్టు మీదే పాటలు ఎక్కించాను. ఉన్నదుండగా కొత్తది ఎందుకని అందరికీ చెప్పాను. ఆయన వచ్చి రెండు పాటలు విని, క్యాసెట్టును ట్రంకులో పెట్టారు. తర్వాత మిషన్ పాడైతే పాతసామాను కొనే కబాడీవాడికి నేనే వేశాను.

మొన్న ట్రంకు సర్దుతుంటే ఆ క్యాసెట్టు మా మనవరాలి చేతికి చిక్కింది. అది ఆ పాత కంప్యూటర్‌దని ఆయన చెప్పారు.

"మిషన్ లేకున్నా నడుస్తది తాతా. ల్యాప్‌టాప్‌ల దాని వేషం ఏసే ప్రోగ్రామ్ ఉంటది," అంది.

"ఎందుకు బిడ్డా, అవి బతుకమ్మ పాటలు," అన్నాను. మనవరాలు పాత టేప్‌రికార్డర్‌ను ల్యాప్‌టాప్‌కు తగిలించి క్యాసెట్టు పెట్టింది. పాటలు అయిపోయాయి. వెంటనే కీచు రొద మొదలైంది.

"అప్పట్ల క్యాసెట్లు ఒక్కసారికి పనిచెయ్యకపోయేవి," అన్నారు ఆయన. "అందుకే ఏదైనా రెండుసార్లు ఎక్కించేటోన్ని. మీ నానమ్మ పాటలు మొదటిదాన్నే మింగినయ్."

"మరి ఇన్నేండ్లు చెప్పలేదేంది?" అన్నాను.

"చెప్తే రెండోది గూడ బతుకమ్మకే పోతుండె."

మనవరాలు పడీ పడీ నవ్వింది. తెర మీద తోటికోడలు నిలబడింది, అదే మెడ తిప్పుడు. కూర మాడుతుందని లేవబోయాను.

"కూసో నానమ్మా," అని మనవరాలు కొంగు పట్టింది.

గీతలు కదిలాయి. కళ్లు దగ్గరకు జరిగాయి, గడ్డం కురచైంది, నుదురు వెడల్పైంది. చివరికి నేను. ఏ ఫొటోలోనూ లేని నేను.

"నీ ఫొటో యాడుంది?" అన్నారు ఆయన. "వదిన ఫొటో మీద కొలతలు తీస్కొని, నిన్ను చూస్కుంట ఒక్కో చుక్క జరిపిన."

అప్పట్లో నేను బియ్యం ఏరుతుంటే ఆయన మిషన్ ముందు నుంచి మాటిమాటికీ తలెత్తి చూసేవారు. రాళ్లు సరిగ్గా ఏరుతున్నానా లేదా అని చూస్తున్నారనుకుని విసుక్కునేదాన్ని.

మనవరాలు దాన్ని ఫోన్లో ఆడే వీడియోగా మార్చింది. "బహదూర్‌పురాల పెద్ద నానమ్మకు పంపాల్నా?" అంది. పెద్ద నానమ్మంటే మా తోటికోడలే.

"ఆగు," అని అద్దాలు పెట్టుకుని చూశాను. ముఖం నాదే. ముక్కు మీద మాత్రం ఏడు చుక్కలు. నాది ఎప్పుడూ ఒంటిరాయే.

"గా ముక్కుపుల్ల ఎవలది?"

ఆయన వంగి చూశారు. "అది తీసుడు మర్చిపోయిన."

"ఏడు చుక్కలు మర్చిపోయినవా?"

ఆయన ల్యాప్‌టాప్ దగ్గరకు లాక్కుని, తాను ఎప్పుడో రాసిన అంకెల వరసల్లో ఆ చుక్కలను వెతకసాగారు. ఒక్కటి ఉంచి మిగతా ఆరు తీసేదాకా వీడియో ఎవరికీ పోవద్దని మనవరాలికి గట్టిగా చెప్పాను. తర్వాత అన్నం వడ్డించాను. అది చల్లారింది. ఈసారి నేను పిలవలేదు.